పొయ్యి పొగ, పాలకు పొగచూరు: కారణాలు, సవరణలు

పాలకు ఒక గుణం వుంది. పక్కన ఏ వాసన వుంటే ఆ వాసనను పట్టుకుంటాయి. పాలలోని వెన్న వాసనలను త్వరగా పీల్చుకుని, తేలికగా వదలదు. ఉల్లిపాయల బుట్ట పక్కన పెడితే ఉల్లివాసన, కిరసనాయిలు డబ్బా పక్కన పెడితే కిరసనాయిలు వాసన, పొగ కమ్మిన వంటింట్లో పెడితే పొగవాసన పాలకు అంటుకుంటాయి.

"వెన్న శాతం బాగానే వచ్చింది, లాక్టోమీటరు సరిగానే నిలిచింది, మరి మా పాలు ఎందుకు తిప్పి పంపారు?" అని తనిఖీ సమయాల్లో సభ్యులు అడుగుతూ వుంటారు. చాలాసార్లు జవాబు గిన్నె మూత తీయగానే తెలుస్తుంది. పాలు పొగచూరి వుంటాయి. పొగవాసన లాక్టోమీటరుకు అందదు, వెన్న పరీక్షకు దొరకదు. ముక్కుకే దొరుకుతుంది. అందుకే సంఘంలోనైనా, శీతల కేంద్రంలోనైనా మొట్టమొదట వాసన చూస్తారు. పొగచూరిన నాలుగు లీటర్లు క్యానులో కలిస్తే ఆ క్యాను పాలన్నీ చెడ్డపేరు తెచ్చుకుంటాయి. పాశ్చరైజేషన్ సూక్ష్మజీవులను చంపుతుందే గాని, పాలకు పట్టిన పొగవాసనను పూర్తిగా పోగొట్టలేదు.

దాలిలో పిడకల సెగ మీద ఎర్రగా కాగిన పాలకు, ఆ పాలు తోడుపెట్టిన పెరుగుకు వుండే కమ్మదనం మనకు ఇష్టమైనదే. అది ఇంటి వాడకానికి సరి. సంఘానికి పోసే పచ్చిపాలకు మాత్రం ఆ వాసన వుండరాదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకం, 2016లో కేంద్రం ప్రారంభించిన ఉజ్వల పథకం వల్ల చాలా ఇళ్లకు గ్యాసు వచ్చింది. అయినా పాడి వున్న ఇంట్లో కట్టెల పొయ్యి పూర్తిగా ఆరిపోలేదు. స్నానానికి వేడినీళ్లు, పశువులకు ఉలవలు, పండుగ పిండివంటలు ఇప్పటికీ దానిమీదనే. ఆ పొయ్యి పశువుల పాకకు ఆనుకునో, పాలగిన్నెలు పెట్టే వసారాలోనో వుంటుంది. కనుక పొయ్యి పొగ పాడిరైతు పట్టించుకోవలసిన విషయం. పొయ్యి ముందు కూర్చునే ఇల్లాలి ఆరోగ్యం అంతకంటె పెద్ద విషయం. ఇళ్లలోని వంటపొగ వంటి కాలుష్యం వల్ల 2020లో ప్రపంచం మొత్తం మీద 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

పొగ తన దారిన ఎలా పోతుంది

పొగగొట్టం వున్న పొయ్యి మన ప్రాంతానికి కొత్తది కాదు. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో డాక్టర్ ఎస్.పి. రాజు మట్టితో కట్టుకోదగిన పొగలేని పొయ్యిని రూపొందించారు. దానిపై ఆయన పుస్తకం 1953లో వెలువడింది. తరువాత 1980లలో కేంద్రం చేపట్టిన మెరుగైన పొయ్యిల కార్యక్రమం కింద పల్లెపల్లెనా ఇటువంటి పొయ్యిలు కట్టారు. ఆ కార్యక్రమం 2002లో ఆగిపోయింది. కట్టిన పొయ్యిలలో ఎన్నో మూలపడ్డాయి. గొట్టం తుడిచే అలవాటు, పగిలిన మట్టి మెత్తే అలవాటు పొయ్యితోపాటు ఇంటికి రాకపోవడం ఇందుకు ఒక ముఖ్య కారణం.

ఈ పొయ్యి పనిచేసే తీరు తేలిక. వేడిగాలి తేలిక గనుక గొట్టం గుండా పైకి లేస్తుంది. అది లేచిన కొద్దీ పొయ్యి నోటి నుంచి కొత్తగాలి లోపలికి వస్తుంది. ఆ గాలితో కట్టె బాగా మండుతుంది, పొగ గొట్టం దారి పడుతుంది. అంటే గాలి లోపలికి రావాలి, పొగ బయటికి పోవాలి. ఈ రెండు దారులలో ఎక్కడ అడ్డు పడినా పొగ ఇంట్లోకి తిరిగి వస్తుంది. పొయ్యి పగలగొట్టి కొత్తది కట్టాలని తొందరపడే ముందు ఆ అడ్డు ఎక్కడ వుందో వెదకాలి. చాలావరకు అది పైసా ఖర్చు లేకుండా తీరే లోపమే.

ఒక గుర్తు వుంది. ఊదుగొట్టంతో మాటిమాటికి ఊదవలసి వస్తున్నదంటే పొయ్యికి జబ్బు చేసిందని తెలుసుకోవాలి. ఎండుకట్టె వేసిన మంచి పొయ్యికి రాజేసేటప్పుడు తప్ప ఊదుగొట్టంతో పని వుండదు.

ముందు అగరువత్తి పరీక్ష

పొయ్యి రాజేసి పది నిమిషాలు మండనివ్వండి. వెలిగించిన అగరువత్తిని పొయ్యి నోటి అంచున, గిన్నె అంచుల చుట్టూ, గొట్టం అతుకుల దగ్గర వరుసగా పట్టి చూడండి. పొయ్యి నోటి దగ్గర అగరు పొగ లోపలికి లాగబడితే దారి బాగున్నట్టు. కదలక నిలిచిపోతే లాగుడు తగ్గినట్టు. మీ ముఖం మీదికి వస్తే దారిలో అడ్డు వున్నట్టు. గిన్నె అంచుల దగ్గర, అతుకుల దగ్గర పొగ బయటికి వచ్చినా, లోపలికి గట్టిగా లాగబడినా అక్కడ సందు వున్నదని అర్థం. సందులోంచి చల్లగాలి దూరితే గొట్టం చల్లబడి లాగుడు తగ్గుతుంది. ఆ చోటును బొగ్గుతో గుర్తు పెట్టుకుని, పొయ్యి ఆరిన తరువాత పేడ కలిపిన బంకమట్టితో మెత్తాలి.

పొగ ఎప్పుడు వస్తున్నది?

పొగ వచ్చే వేళను గమనిస్తే లోపం సగం దొరికినట్టే.

1. రాజేసేటప్పుడు మాత్రమే వచ్చి, తరువాత తగ్గిపోతే: గొట్టం చల్లగా వున్నది. చలికాలం తెల్లవారుజామున గొట్టంలోని చల్లగాలి బరువుగా వుండి పొగను పైకి పోనివ్వదు. గొట్టం అడుగున శుభ్రం చేసే కిటికీ వుంటే అందులో గుప్పెడు ఎండు తాటాకు గాని, కాగితం గాని వెలిగించి ఒక నిమిషం మండనిచ్చి కిటికీ మూయాలి. తరువాత పొయ్యిలో సన్నపుల్లలతో మొదలుపెట్టి, గొట్టం వేడెక్కాక లావు కట్టెలు వేయాలి.

2. మంట వున్నంతసేపూ పొగ వస్తుంటే: ముందు కట్టెను చూడాలి. అప్పుడే కొట్టిన పచ్చికట్టె బరువులో దాదాపు సగం నీరే వుంటుంది. మంట వేడి ముందు ఆ నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. ఎండిన కట్టె చివర్లు పగుళ్లు బారి వుంటాయి, రెండు కట్టెలు కొడితే ఖణేలుమంటాయి. కట్టె ఎండుదైతే పొయ్యి నోటిని చూడాలి. నోటి నిండా కట్టెలు కుక్కితే గాలి దూరే చోటు వుండదు. నోరు మూడు వంతులు అనుకుంటే, పైన ఒక వంతైనా ఖాళీగా వుండాలి. బూడిద రోజూ తీయాలి. నాలుగు రోజుల బూడిద పేరుకుంటే నిప్పు కింద గాలి ఆడదు.

3. రెండవ పొయ్యి మీద గిన్నె దించగానే వస్తే: ఆ నోటికి మూత లేదు. జంట పొయ్యిలో ఒకదాని మీద వంట లేనప్పుడు నోటిని మట్టి మూకుడుతోనో, రేకు మూతతోనో మూసివుంచాలి. గిన్నె అడుగు పొయ్యి నోటికి సరిపోకపోయినా ఇదే బాధ. ఉలవల గోలెం పెద్దదనీ, పాలగిన్నె చిన్నదనీ మధ్యలో రాళ్లు పెట్టకూడదు. రెండు కొలతల మట్టి చుట్టలు చేసి కాల్చి పెట్టుకుంటే ఏ గిన్నెకు ఆ చుట్ట సరిపోతుంది.

4. నెలనెలా కొద్దికొద్దిగా పెరుగుతూ వస్తే: గొట్టంలో మసి పేరుకున్నది. సాధారణంగా వాడే గొట్టం 3 లేక 4 అంగుళాల వెడల్పు వుంటుంది. 4 అంగుళాల గొట్టం లోపల చుట్టూ అర అంగుళం మసి పడితే మిగిలే దారి 3 అంగుళాలు. లెక్క వేస్తే పొగ పోయే చోటు వందకు 44 వంతులు తగ్గినట్టు. 3 అంగుళాల గొట్టానికి అంతే మసి పడితే సగానికి పైగా దారి మూసుకుపోయినట్టే.

5. ఉన్నట్టుండి ఒక్కరోజులో మొదలైతే: గొట్టంలో పిచ్చుక గూడో, కందిరీగల పుట్టో, రాలిన మట్టిపెళ్లో అడ్డుపడి వుంటుంది. పొయ్యి కొన్ని నెలలు వాడని ఇళ్లలో ఇది ఎక్కువ. సెలవులకు పిల్లలు వస్తున్నారని రాజేసే ముందు గొట్టంలోకి చూడాలి.

6. గాలి వీచినప్పుడు మాత్రమే వస్తే: గొట్టం ఎత్తు చాలలేదు. గొట్టం చివర ఇంటి కొప్పు కంటె కనీసం 2 అడుగులు పైకి వుండాలి. పక్కన కొత్తగా మేడ లేచినా, వేపచెట్టు ఎదిగినా వాటి మీదుగా దూకిన గాలి గొట్టంలో పొగను కిందికి తోస్తుంది. ఇటువంటప్పుడు గొట్టాన్ని ఇంకొక మూర పెంచి, పైన రేకు టోపీ పెట్టాలి. టోపీకీ గొట్టం అంచుకూ మధ్య గొట్టం వెడల్పంత సందు వుండాలి. వాన పడుతుందని టోపీని మరీ కిందికి దించితే పొగ దారే మూసుకుపోతుంది.

7. తలుపులు వేసినప్పుడు, గాలి లాగే ఫ్యాను వేసినప్పుడు వస్తే: లోపం గదిలో వుంది. గోడకు పెట్టిన ఫ్యాను గదిలోని గాలిని బయటికి లాగుతుంది. కిటికీలు మూసివుంటే ఆ లోటు తీరడానికి గొట్టం గుండా పొగ వెనక్కి వస్తుంది. కట్టెల పొయ్యి మండుతున్నప్పుడు ఒక కిటికీ తెరిచే వుంచాలి.

వాసన ఏమి చెబుతున్నది?

పొగ కళ్లకు కనబడనప్పుడు కూడా వాసన కారణం చెబుతుంది.

కళ్లు మండించే పుల్లని పొగవాసన వస్తే కట్టె చెమ్మగా వుంది, లేదా మంటకు గాలి చాలక కట్టె మండకుండా కమురుతున్నది. వర్షాకాలపు పిడకలది కూడా ఇదే సంగతి. రోహిణికార్తె ఎండల్లో ఎండిన కట్టెలను, పిడకలను మృగశిర వానలకు ముందే కప్పు కిందికి చేర్చాలి. నేలకు తగలకుండా కింద రాళ్లు వేసి పేర్చాలి.

ముక్కు పగిలే ఘాటు వచ్చి దగ్గు తెప్పిస్తే మిరపకట్టెను చూసుకోవాలి. కాయ మిగిలిన కట్టె పొయ్యిలో పెడితే ఇల్లంతా తుమ్ములే. కాయ పూర్తిగా దులిపి వేయాలి. పురుగుమందు ఇటీవలనే కొట్టిన పత్తికట్టె, కందికంప పొయ్యిలోకి తేకూడదు.

మందుల వాసన, గొంతు పట్టే వాసన వస్తే ప్లాస్టిక్ సంచి గాని, రంగు వేసిన చెక్క గాని మండుతున్నది. పొయ్యి రాజేయడానికి పాలపొట్లాల కవర్లు, దాణా సంచుల ముక్కలు వాడే అలవాటు కొన్ని ఇళ్లలో వుంది. ఆ పొగ విషం. అది మనుషులకూ, పాలకూ, పాకలోని పశువులకూ చేటు. రాజేయడానికి కొబ్బరి పీచు, ఎండుటాకు, చితుకులు చాలు.

పొయ్యి ఆరిన తరువాత కూడా చేదు మసివాసన వస్తుంటే గొట్టంలో తారు వంటి నల్లని పూత పట్టింది. చెమ్మకట్టె ఎక్కువకాలం కాల్చినందువల్ల ఇది వస్తుంది. వానకాలంలో ఆ పూతకు చెమ్మ తగిలి వాసన ఇంట్లోకి దిగుతుంది. ఈ పూత నిప్పు అంటుకునే పదార్థం గనుక ఆలస్యం చేయరాదు.

కుళ్లిన గుడ్డు వాసన వస్తే అది కట్టెల పొయ్యిది కాదు. గోబర్ గ్యాసు వున్న ఇళ్లలో కవాటం మూసి, తలుపులు తెరిచి, రబ్బరు గొట్టాన్ని, అతుకులను చూసుకోవాలి. సిలిండరు గ్యాసు వాసన వచ్చినప్పుడు మరింత జాగ్రత్త అవసరం. ఆ గ్యాసు గాలికంటె బరువైనది, నేల వెంట పాకుతుంది. పక్కనే కట్టెల పొయ్యి మండుతుంటే ప్రమాదం. రెండు పొయ్యిలనూ ఒకే గదిలో వుంచరాదు. వాసన వస్తే రెగ్యులేటరు కట్టి, తలుపులు తెరవాలి. అగ్గిపుల్ల గీయడం గాని, కరెంటు స్విచ్ వేయడం, తీయడం గాని చేయకుండా బయటికి వచ్చి 1906 నంబరుకు ఫోను చేయాలి.

గొట్టం శుభ్రం చేయడం

రోజూ వాడే పొయ్యి అయితే గొట్టాన్ని నెలకొకసారి తుడవాలి. చాలా ఊళ్లలో అమావాస్య నాడు అరక కట్టరు. ఆ తీరికను ఈ పనికి పెట్టుకుంటే తేదీ మరవడం వుండదు.

ముందు రాత్రే పొయ్యి ఆర్పి గొట్టం చల్లారనివ్వాలి. పాలగిన్నెలు, నీళ్ల బిందెలు అక్కడినుంచి తీసివేయాలి. పొయ్యి నోటిని తడి గోనెసంచితో కప్పాలి. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాలి. పొడుగు వెదురు కర్ర చివర కొబ్బరి పీచు గాని, పాత గోనె గాని ముద్దగా కట్టి, గొట్టం పైనుంచి కిందికి నాలుగైదుసార్లు ఆడించాలి. కర్ర అందకపోతే తాడుకు బరువు కట్టి ఆ ముద్దను దింపవచ్చు. రాలిన మసిని కింది కిటికీ నుంచి తీయాలి. పొయ్యి నుంచి గొట్టానికి పోయే అడ్డదారిని కూడా గీరి తీయాలి. చాలామంది గొట్టం తుడిచి ఈ దారిని మరుస్తారు. అడ్డు అక్కడే మిగిలిపోయి మరునాడు మళ్లీ పొగ వస్తుంది. మసిని బావికి, గడ్డివాముకు దూరంగా గోతిలో పూడ్చాలి.

పాత పొయ్యిలకు ఆస్‌బెస్టాస్ సిమెంటు గొట్టాలు వున్నాయి. వాటిని ఇనుప బ్రష్షుతో గీరరాదు, రంపంతో కోయరాదు, పగలగొట్టరాదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చాలా హాని. మెత్తని పీచుతో మాత్రమే తుడవాలి. కొత్తగా వేయించేవారు జింకు రేకు గొట్టం గాని, కాల్చిన మట్టి గొట్టం గాని వేయించడం మంచిది. గడ్డి కప్పు, తాటాకు కప్పు గుండా గొట్టం పోయేచోట కప్పు గొట్టానికి తగలకుండా చుట్టూ ఖాళీ విడిచి, రేకు పట్టీ వేయించాలి.

గొట్టంలో మసి అంటుకుంటే హోరుమని శబ్దం వస్తుంది, పైనుంచి నిప్పురవ్వలు లేస్తాయి. అప్పుడు గొట్టంలో నీళ్లు పోయరాదు, వేడి గొట్టం పగులుతుంది. కట్టెలు లాగివేసి, పొయ్యి నోటిని తడి గోనెతో మూసి గాలి ఆపాలి. ఇంట్లో వారిని బయటికి పంపి, కప్పు మీద నీళ్లు చల్లి, ఇరుగుపొరుగును పిలవాలి.

వాసన లేని ప్రమాదం

వాసన రానంత మాత్రాన అంతా క్షేమమని అనుకోరాదు. గాలి చాలకుండా కట్టె గాని, బొగ్గు గాని మండితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ పోయి కణకణలాడే నిప్పుల నుంచి కూడా అది వస్తుంది. చలికాలంలో బాలింత గదిలో నిప్పుల కుంపటి పెట్టి తలుపులు బిగించడం మన ఇళ్లలో పాత ఆచారం. ఈ ఆచారం తల్లీబిడ్డల ప్రాణాలకే ముప్పు. లేగదూడకు చలి అని మూసిన కొట్టంలో నిప్పులు పెట్టడం కూడా ఇంతే. గదిలో వున్నవారికి ఒకేసారి తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టు వుండడం జరిగితే వెంటనే బయటి గాలిలోకి తీసుకువచ్చి, ఆసుపత్రికి చేర్చాలి.

పాలను కాపాడుకోవడం

పొయ్యి బాగుచేసుకున్నాక కూడా కొన్ని పద్ధతులు పాటించాలి.

పాలు పితికిన తరువాతనే పొయ్యి రాజేయాలి. కుదరకపోతే గాలివాటం చూసి, పొగ పాకవైపు రాకుండా పొయ్యి చోటు మార్చుకోవాలి. పశువు పీల్చిన కొన్ని వాసనలు కూడా దాని ఊపిరి నుంచి రక్తంలోకి, రక్తం నుంచి పాలలోకి చేరతాయని గుర్తుంచుకోవాలి.

సాయంత్రం దోమలకని పాకలో పిడకల పొగ, వేపాకు పొగ వేస్తారు. సరిగ్గా అదే పాలు పితికే వేళ. పితికిన పాలు మూతపెట్టి పాక దాటించిన తరువాతనే పొగ వేయాలి. పేడ ఎప్పటికప్పుడు తీసి, మూత్రం నిలవకుండా కాలువ పెట్టుకుంటే ఆ పొగతో పని కూడా తగ్గుతుంది.

పాలగిన్నెలు, క్యాను మూతలు పొయ్యి మీది అటకపై బోర్లించరాదు. మసి రాలి, పొగచూరు పట్టి, మరునాటి పాలకు అంటుకుంటుంది. వేడినీళ్లతో కడిగి, ఆరుబయట బల్లమీద బోర్లించాలి.

పాలు ఇదివరకే పొగచూరితే సంఘానికి తేవద్దు. ఇంట్లో తోడుపెట్టుకోండి. ఆ పూట పాల డబ్బు పోతుంది, పొరుగువారి పాలు మాత్రం నిలుస్తాయి. కార్యదర్శి వాసన చూసి వద్దన్నప్పుడు కోపం తెచ్చుకోరాదు. ఆయన కాపాడుతున్నది క్యానులో ముందుగా పోసినవారి పాలను.

సంఘం చేయదగినవి

పొడుగు వెదురు కర్ర ఒకటి, పీచు ముద్దలు రెండు సంఘంలో వుంచి సభ్యులకు వంతుల వారీగా ఇవ్వవచ్చు. సర్వసభ్య సమావేశంలో పొయ్యి విషయం మాట్లాడేటప్పుడు మహిళా సభ్యులను ముందు మాట్లాడనివ్వాలి. పొగ ఎప్పుడు, ఎటునుంచి వస్తున్నదో పొయ్యి ముందు కూర్చునేవారికే బాగా తెలుసు. పాలు తిప్పి పంపినప్పుడు "వాసన బాగాలేదు" అని ఊరుకోకుండా, పొగవాసనో, పేడవాసనో, మేతవాసనో పుస్తకంలో వ్రాసి సభ్యునికి చెప్పాలి. కారణం తెలిసిన సభ్యుడు మరునాటికే లోపం సరిచేసుకోగలడు.

ఎండుకట్టె, ఖాళీ వున్న పొయ్యి నోరు, సందులేని గిన్నె, మసిలేని గొట్టం. ఈ నాలుగూ చూసుకున్న ఇంట్లో ఇల్లాలికి కంటనీరు, పాలకు పొగచూరు రెండూ తగ్గుతాయి.